బొడ్డుగాడి రాగి బిళ్ళ

మొన్న ఆదివారం పొద్దున పది దాటాక ఎండ కాస్త ముఖం చూపిస్తే, మఫ్లరు చుట్టుకుని మా సొసైటీ పార్కులో బెంచీ మీద కూర్చున్నాను. గ్రేటర్ నోయిడాలో జనవరి ఎండ గుళ్ళో ప్రసాదం లాంటిది. అందరికీ తలా కాస్త దక్కుతుంది, ఎవరికీ చాలదు. నాలాంటి రిటైరైన వాళ్ళం నలుగురం వేరుశెనక్కాయలు వలుచుకుంటూ, ఎండ జరిగినప్పుడల్లా మేమూ జరుగుతూ ఉన్నాం. అంతలో మా పై అంతస్తులో కొత్తగా అద్దెకు దిగిన వరంగల్ అమ్మాయి వచ్చింది. ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. ఆమె జాకెట్ జిప్పులోంచి బొచ్చు కుక్కపిల్ల ఒకటి తల బయటపెట్టి చూస్తోంది. "అంకుల్, గార్డు భయ్యా చెప్పిండు, మీకు కుక్కల సంగతి మంచిగ తెలుసంట" అంది. నాకు కుక్కల సంగతి తెలియదు. ఒకే ఒక్క కుక్క సంగతి తెలుసు. ఆ మాట చెప్పేలోగానే ఆ పిల్ల దాన్ని నా ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టింది. కడుపు మధ్యలో రేగుపండంత మెత్తటి బుడిపె. "మా అమ్మకు వీడియో కాల్ల చూపిస్తే రూపాయి బిళ్ళ పెట్టి గుడ్డ కట్టమన్నది. కట్టాల్నా అంకుల్?" అని అడిగింది.

నేను నవ్వాను. మామూలుగా కాదు, పక్కనున్న వర్మగారు నా వీపు మీద చరిచేంతగా. ఆ పిల్ల బిత్తరపోయి కుక్కపిల్లను మళ్ళీ జాకెట్‌లో దాచుకుంది. "కట్టకు తల్లీ, అదొక్కటి మాత్రం చెయ్యకు" అని, జేబులోంచి ఇంటి తాళాలు తీసి, ఆ గుత్తికి వేలాడుతున్న రాగి బిళ్ళ చూపించాను. ఆ బిళ్ళ కథ ఆమెకు చెప్పింది కొంత, మొహమాటపడి దాచింది కొంత. మీ దగ్గర మొహమాటం లేదు కాబట్టి మొత్తం చెప్పేస్తాను.

అప్పటికి మేం ఢిల్లీలో ఆర్.కె.పురం గవర్నమెంటు క్వార్టర్లలో ఉండేవాళ్ళం. కింది అంతస్తు, రెండు గదులు, వెనకవైపు నాలుగు మంచాలు పట్టేంత పెరడు. నేను ఒక మంత్రిత్వశాఖలో సెక్షన్ ఆఫీసర్ని. మా ఆవిడది వేరే ఆఫీసు. మా అమ్మాయి పదకొండో తరగతి. తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే రకం; "అన్నం తిన్నావా" అంటే "హాఁ పాపా, ఖా లియా" అంటుంది. దానికి రెండో తరగతి నుంచీ కుక్కపిల్ల కావాలి. మా ఆవిడకు రెండో తరగతి నుంచీ వద్దు. ఈ కేసు అలా తొమ్మిదేళ్ళుగా పెండింగులో ఉండగా మా ఆవిడకు డెహ్రాడూన్లో మూడు నెలల ట్రైనింగ్ పడింది. ఆవిడ రైలు ఘజియాబాద్ దాటిందో లేదో, మా ఆఫీసులో ఒకాయన ఇంట్లో పుట్టిన కుక్కపిల్ల ఒకటి చెప్పుల డబ్బాలో మా ఇంటికి చేరింది. తల్లి పొమేరియన్. తండ్రి వివరాలు ఫైల్లో లేవు. మా అమ్మాయి దానికి బిస్కెట్ అని పేరు పెట్టింది. అందులో నా ప్రమేయం లేదని మా ఆవిడకు ఇప్పటికీ చెబుతుంటాను, ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

మా ఆవిడ లేని ఇల్లు చూసుకోవడానికి రెండు రోజుల తర్వాత ఒంగోలు దగ్గర్నుంచి మా పెద్దక్క దిగింది. మా పెద్దక్కను గురించి కొంచెం చెప్పాలి. నాకంటే పదకొండేళ్ళు పెద్ద. నేను ఇంట్లో ఆఖరివాణ్ణి. నన్ను కన్నాక అమ్మ ఏడాదిపాటు మంచం దిగలేదు, అంచేత నన్ను పెంచింది అక్కే. ఎవరైనా నన్ను గురించి తెలిసినట్టు మాట్లాడితే మా వైపు జనం "నువ్వేమన్నా బొడ్డు కోసి పేరు పెట్టావా?" అని దెప్పుతారు కదా, ఆ మాట అక్కనంటే పని జరగదు. "బొడ్డు కోసింది మంత్రసాని, పేరు పెట్టింది నేనే" అంటుంది. అది నిజం కూడా. పుట్టినప్పుడు నేను రాత్రీ పగలూ ఏడ్చేవాణ్ణట. ఏడ్చి ఏడ్చి బొడ్డు వంకాయ ముచ్చికలాగా బయటికి పొంగిందట. అక్క ఎవరినో అడిగి, రాజు బొమ్మ ఉన్న రాగి కానీ బిళ్ళ ఒకటి సంపాదించి, దాన్ని బొడ్డు మీద పెట్టి గుడ్డతో కట్టి, ఆరు నెలల్లో లోపలికి పంపించిందట. ఈ కథ మా అక్క నా పెళ్ళిలో మూడోనాడు మా ఆవిడకు చెప్పింది. నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు అభినందించడానికి ఇంటికొచ్చిన మా అండర్ సెక్రటరీకి కూడా చెప్పబోతే, కాఫీ నెపంతో ఆయన్ని వరండాలోకి లాక్కుపోయాను. నా తర్వాత ఆ బిళ్ళే మా ఇంట్లో పుట్టిన మరో ఏడుగురు పిల్లల బొడ్ల మీద కాపురం చేసింది. అక్క ఎక్కడికెళ్ళినా అది ఆమె బొడ్లో దోపుకునే చిన్న గుడ్డసంచిలో వక్కలతో పాటు ఉండేది.

ఆ అక్క మా గుమ్మంలో చెప్పులు విడుస్తూనే కుక్కపిల్లను చూసింది. "ఏందిరా ఇది? ఇంట్లో మనుషులుండేదా, ఇదుండేదా?" అంది. దానికి పెరట్లో పాత గోనెసంచీ వేశాం. అది అక్క చీర కుచ్చెళ్ళ వెనక తిరగడం, అక్క కాలు ఎత్తి ఎత్తి వెయ్యడం, వారం రోజులపాటు ఇదే తంతు. ఒకనాడు అక్క ఎండలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే అది ఎదురుగా వెల్లకిలా పడుకుని నాలుగు కాళ్ళూ ఆకాశానికి పెట్టింది. నేను పేపరు చదువుకుంటున్నాను. అక్క చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. ముందుకు వంగి, ఏ కుక్కనూ ముట్టని ఆ చేతి చూపుడువేలితో దాని కడుపు మీద సుతారంగా నొక్కింది. బుడిపె లోపలికి పోయింది. వేలు తీసింది, మళ్ళీ వచ్చింది. "అయ్యో నా తండ్రీ, నీకూ బొడ్డు పొంగిందంటరా?" అంది. ఆ "నీకూ" అన్నప్పుడు కుక్కపిల్ల వైపు కాదు, నా వైపు చూసింది. ఆ మధ్యాహ్నమే గోనెసంచీ వరండాలోకి వచ్చింది, సాయంత్రానికి అక్క మంచం పక్కకు చేరింది. మర్నాటి నుంచి నువ్వుల నూనె మర్దనా, సాంబ్రాణి పొగ, పెరుగన్నం, ఒక బిడ్డకు జరగాల్సిన లాంఛనాలన్నీ జరిగిపోయాయి. పేరు కూడా మారింది. బిస్కెట్ అనేది తినే వస్తువు పేరు, ప్రాణమున్న జీవికి పెట్టకూడదని చెప్పి, అక్క దాన్ని బొడ్డుగాడా అని పిలవడం మొదలుపెట్టింది. పిలవడానికి తేలిగ్గా ఉంటుందని మేమూ బొడ్డూ అనేవాళ్ళం.

మా పక్క క్వార్టరులో ఒక పంజాబీ ఆంటీ ఉండేది. మంచి మనిషి, మాట కొంచెం గట్టిగా వినపడుతుంది. మూడు రోజులు విని, నాలుగో రోజు గోడ మీంచి నన్ను నిలదీసింది. "భాయీసాబ్, ఇత్తా సా బచ్చా హై, బుద్ధూ క్యోం బులాతే హో బేచారే కో?" అంది. ఇంత పసివాణ్ణి పట్టుకుని మొద్దూ మొద్దూ అని పిలుస్తారేమిటని ఆవిడ బాధ. అది బుద్ధూ కాదు, బొడ్డు, అంటే నాభి అని వివరించాను. ఆవిడ ఇంకా బాధపడింది. కుక్కను నాభీ అని పిలిచే జాతి ఏదో తేల్చుకోలేక, తను బుద్ధూ అనే స్థిరపడిపోయింది. అలా దానికి మూడు పేర్లు, మూడు భాషలు. ఎవరు ఏ పేరుతో పిలిచినా తోకాడించేది, అన్నం గిన్నె చప్పుడుకు మాత్రం పేరు లేకుండానే వచ్చేది.

టీకాలు వేయించడానికి ఒక శనివారం నేనూ అక్కా దాన్ని మార్కెట్ వెనకున్న పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. డాక్టరు చిన్నమ్మాయి, నిన్నగాక మొన్న కాలేజీ వదిలినట్టుంది. అక్క నా చెవిలో "బొడ్డూడని పిల్లరా" అంది. ఆ అమ్మాయి మాత్రం పని తెలిసిన మనిషి. బుడిపెను అక్క నొక్కినట్టే సుతారంగా నొక్కి, లోపలి రంధ్రం అంచు చుట్టూ వేలు తిప్పి చూసింది. నాకు హిందీలో నిదానంగా చెప్పింది. పుట్టినప్పుడు బొడ్డు దగ్గర కండ పూర్తిగా కలుసుకోలేదు, ఆ సందులోంచి లోపలి కొవ్వు కాస్త బయటికి వస్తోంది, చిన్న జాతి కుక్కల్లో ఇది మామూలే. రంధ్రం చిటికెనవేలి కొస పట్టేంతే ఉంది, ఐదారు నెలల వయసుకల్లా దానంతటదే మూసుకోవచ్చు, లేకపోతే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌లోనే రెండు కుట్లు వేసేస్తాను. రోజుకోసారి వేలితో చూసుకోండి. మెత్తగా ఉండి లోపలికి పోతున్నంతకాలం భయం లేదు. ఎప్పుడైనా గట్టిపడినా, వేడిగా ఉన్నా, రంగు మారినా, ముట్టుకుంటే ఏడ్చినా, వాంతులు చేసుకుని తిండి మానేసినా, మీరు బలవంతంగా లోపలికి నెట్టొద్దు, అన్నం నీళ్ళు పెట్టొద్దు, ఆ పూటే తీసుకురండి, మర్నాడు చూద్దామనుకోవద్దు. ఇవన్నీ చెప్పి, చివర్లో అక్క చేతిలోని గుడ్డసంచి వైపు ఎందుకో చూసి, "ఔర్ అంకుల్, ఊపర్ సే కుఛ్ బాంధ్‌నా నహీం. సిక్కా విక్కా బిల్కుల్ నహీం" అంది. పైన ఏమీ కట్టకండి, బిళ్ళలూ గిళ్ళలూ అసలే వద్దు అని.

"ఏమందిరా?" అంది అక్క. నేను గట్టిపడటం గురించి చెప్పాను, రంగు గురించి, వాంతుల గురించి, నెట్టొద్దనడం, ఆగొద్దనడం గురించి చెప్పాను. ఆఖరి మాట దగ్గర ఆగిపోయాను. నా బొడ్డును లోపలికి పంపిన మనిషి ముందు, ఆ బిళ్ళ ఆమె చేతిలో ఉండగా, అది వద్దంటోందని చెప్పడానికి నోరు రాలేదు. "మిగతాదానికి మనమేమీ చెయ్యక్కర్లేదంట అక్కా" అనేశాను. ఆఫీసులో నేను ముప్ఫై మంది రాసిన నోట్లు దిద్దేవాణ్ణి. ఒక్క పదం అటూ ఇటూ అయితే ఫైలు వెనక్కి పంపేవాణ్ణి. అక్క డాక్టరమ్మను ఒకసారి తేరిపారా చూసి, "ఏమీ చెయ్యక్కర్లేదందంటే ఏం చెయ్యాలో తెలవదన్నమాట" అని తీర్పు చెప్పింది.

ఆ తర్వాత జరగాల్సింది జరిగింది. అక్క తన పాత చీరాల చీర చించి వేలెడు వెడల్పు పట్టీ కుట్టింది. బిళ్ళకు మెత్తగా గుడ్డ చుట్టింది. ఆదివారం పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి బొడ్డుగాడు నడుముకు పట్టీతో, సంక్రాంతి కోడిపుంజులాగా ఛాతీ విరుచుకుని వరండాలో తిరుగుతున్నాడు. అక్క నా మొహంలోకి చూసి నవ్వింది. "నీకు కట్టింది ఇదేరా" అంది. నేను కూడా నవ్వాను. డాక్టరు మాట గుర్తుంది, అయినా నవ్వాను. ఇంతకాలం నుంచీ ఏమీ కాలేదు కదా, ఎనిమిది మంది పిల్లలకు మంచే జరిగింది కదా, కుక్కకు మాత్రం ఏమవుతుంది అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. అక్క రోజూ పొద్దున పట్టీ విప్పి, నూనె రాసి, వేలితో చూసి, మళ్ళీ కట్టేది. అంత శ్రద్ధ నేను ఏ ఆస్పత్రిలోనూ చూడలేదు. అయితే డిసెంబరు వచ్చింది, చలి ముదిరింది, మా అమ్మాయి దానికి ఎర్ర స్వెట్టరు కొనుక్కొచ్చి తొడిగింది. ఈ చలిలో విప్పడమెందుకని అక్క రెండు రోజులు స్వెట్టరు తియ్యలేదు.

మూడో రోజు నేను ఆఫీసులో ఉండగా మధ్యాహ్నం పన్నెండింటికి ఫోన్ మోగింది. మా అక్క ఆఫీసుకు ఫోన్ చెయ్యడం అంతకుముందూ లేదు, తర్వాతా లేదు. "ఒరే, పొద్దున పెరుగన్నం ముట్టలేదు వీడు. రెండుసార్లు తెల్లటి నురగ కక్కాడు. దిష్టి అనుకుని ఉప్పూ మిరపకాయలూ తీశాను" అంది. తర్వాత ఆమె గొంతు నేనెన్నడూ వినని స్థాయికి దిగింది. "ఇప్పుడే పట్టీ విప్పానురా. గట్టిపడింది. రాయిలాగా ఉంది. కమిలింది. చెయ్యేస్తేనే కుయ్యిమంటున్నాడు" అంది. "నొక్కావా?" అన్నాను. "నొక్కలేదు. నెట్టొద్దందని నువ్వే చెప్పావుగా." నేను గంటలో వచ్చేస్తాను, అంతదాకా నీళ్ళు కూడా పెట్టొద్దు, కదలకుండా ఉండు అన్నాను. అక్క "గంటా?" అంది. "ఆ పిల్ల ఆగొద్దంది కదరా" అంది. ఫోన్ పెట్టేసింది.

ఢిల్లీ వచ్చి ఎనభై రోజులైనా మా అక్క ఒంటరిగా పాలబూత్ దాకా కూడా వెళ్ళలేదు. హిందీలో ఆమెకు వచ్చిన మాటలు మూడు: అచ్ఛా, నహీఁ, చలో. బొడ్డుగాణ్ణి పైట కొంగులో చుట్టుకుని, తలుపు తీసి పెట్టి, పక్కింటి పంజాబీ ఆంటీ గుమ్మంలో నిలబడి ఆ మూడింట్లో ఆఖరిది వాడిందట. "బొడ్డు. డాక్టర్. చలో." ఆంటీ పొయ్యి మీద రాజ్మా ఉడుకుతుంటే ఆపి, స్లిప్పర్లతోనే బయల్దేరిందట. ఆవిడే నాకు తర్వాత చెప్పింది. ఆటోలో దారి పొడుగునా మా అక్క తెలుగులో ఏదో మాట్లాడుతూనే ఉందట, తను పంజాబీలో జవాబిస్తూనే ఉందట, ఇద్దరికీ అన్నీ అర్థమయ్యాయట.

నేను ఆస్పత్రి చేరేసరికి లోపల ఆపరేషన్ మొదలైపోయింది. బయట బల్ల మీద అక్క కూర్చుని ఉంది. కొంగుకు నూనె మరకలు, నాలుగు తెల్ల వెంట్రుకలు. కుడిచేతి పిడికిలి బిగించి ఉంది. ఆంటీ జరిగింది చెప్పింది. డాక్టరమ్మ ఏమైందని అడగ్గానే అక్క ఆ బిళ్ళా పట్టీ తీసి బల్ల మీద పెట్టి, తన కడుపు మీద చెయ్యి వేసి చూపించి, తర్వాత తన గుండె మీద వేలు పెట్టుకుని చూపించిందట. నేనే కట్టాను అని. నేను తర్జుమా చెయ్యడానికి అక్కడ లేను కాబట్టి ఆ ఒక్క మాటా ఉన్నదున్నట్టు చేరింది.

ఆంటీ టీ తెస్తానని వెళ్ళింది. అక్క తల తిప్పకుండానే అడిగింది. "ఆ రోజు ఆ పిల్ల ఆఖర్న ఏదో అంది. సిక్కా అంది. ఇందాక బిళ్ళను చూసి కూడా సిక్కా అంది. నాకు ఇనపడింది. ఆ రోజు ఏమందిరా?" నేను చెప్పేశాను. పైన ఏమీ కట్టొద్దంది, బిళ్ళ అసలే వద్దంది. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. "ఎందుకు చెప్పలా?" అంది. "నువ్వు బాధపడతావని" అన్నాను. "బాధపడతాననా, భయపడ్డావా?" "భయపడ్డానక్కా." అప్పుడు నా వైపు తిరిగింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి, పెదవి చివర నవ్వు కూడా ఉంది. "యాభయ్యేళ్ళు వచ్చినయ్యి. ఆఫీసంట, సంతకాలంట. ఇంకా నీ బొడ్డూడలేదురా" అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. మందు వాసనా కుక్కల వాసనా కలిసిన ఆ వరండాలో, ఎదురుగా లాబ్రడార్‌ను పట్టుకున్న ఒక పెద్దమనిషి చూస్తుండగా, నేను మా అక్క భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ఆయన మర్యాదస్తుడు, గోడ మీద టీకాల చార్టు చదువుకున్నాడు.

మూడు దాటాక డాక్టరమ్మ బయటికి వచ్చింది. ముసుగు దించి, ముందు నాతో కాదు, అక్కతోనే "ఠీక్ హై" అంది. ఆ మాటకు తర్జుమా అక్కర్లేకపోయింది. పేగు మడత ఒకటి ఆ సందులోంచి బయటికి జారి ఇరుక్కుపోయిందట. రంధ్రం వెడల్పు చేసి వదిలించగానే మళ్ళీ ఎర్రబడి రక్తం ఆడిందట, లోపలికి పంపి కుట్లు వేసేసిందట. సాయంత్రం దాకా ఆగి ఉంటే ఆ మడత చచ్చిపోయేది, అప్పుడు తను మాట ఇవ్వలేకపోయేదాన్నని అంది. గట్టిపడటం ఎవరు కనిపెట్టారని అడిగింది. నేను అక్కను చూపించాను. "వెరీ గుడ్ ఆంటీ" అంది. అక్క ఆ మెచ్చుకోలు పక్కకు తోసేసి, నా మోచెయ్యి పట్టుకుంది. "నా మూలానే అయిందా, అడుగు. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పు" అంది.

అడిగాను. ఆ అమ్మాయి నిజం చెప్పింది. కట్టడం వల్లే అయిందని అనలేను, కట్టకపోయినా జరిగి ఉండొచ్చు. అయితే కట్టు లోపల ఏం జరుగుతోందో కనపడకుండా చేసింది, ఒత్తిడీ పెట్టింది. బిళ్ళకు రంధ్రం మూసే శక్తి లేదు. మనుషుల పిల్లలకైనా అంతే, బొడ్డు చాలామందికి వయసుతో దానంతటదే సర్దుకుంటుంది, బిళ్ళ కట్టినవాళ్ళకు బిళ్ళతో పోయిందనిపిస్తుంది. "మా అమ్మమ్మ కూడా మా తమ్ముడికి కట్టింది, నేనూ చూశాను" అని నవ్వింది. నేను అక్క వైపు తిరిగాను. ఇందాకటి వాక్యం చెప్పడమే కష్టమనుకున్నాను, ఇది దానికి తాత. నా పెళ్ళిలో చెప్పిన కథ, ఎనిమిది మంది పిల్లల కథ, మా వైపు ఊళ్ళలో బాలింతరాళ్ళు ఆమెను వెతుక్కుంటూ వచ్చిన కథ, అంతా ఈ ఒక్క వాక్యంలో పోతుంది. అయినా చెప్పాను. ఒక్క ముక్క వదలకుండా, ఫైలు నోటింగ్ చదివినట్టు చెప్పాను.

అక్క పిడికిలి విప్పి బిళ్ళను చూసుకుంది. రాజు బొమ్మ ఎప్పుడో అరిగిపోయింది. "అంటే నీ బొడ్డు కూడా దానంతటదే పోయిందన్నమాట" అంది. అవునన్నాను. "పోతే పోయిందిలే" అంది. తర్వాత, నాతో కాకుండా ఆ బిళ్ళతో అన్నట్టు అంది: "అమ్మ మంచంలో ఉంది. నువ్వు గుక్కపట్టి ఏడుస్తుండావు. నాకు పదకొండేళ్ళు. ఏదో ఒకటి చెయ్యకుండా ఎట్టా కూర్చునేదాన్నిరా?" నా బొడ్డు ఎలా లోపలికి పోయిందో నాకు కొత్తగా తెలిసింది. అప్పుడే ఆంటీ నాలుగు గ్లాసుల టీ పట్టుకుని వచ్చింది. డాక్టరమ్మ కూడా మాతో పాటు బల్ల మీద కూర్చుని తాగింది.

బొడ్డుగాడు మర్నాడు ఇంటికొచ్చాడు. కుట్లు నాకకుండా మెడకు గరాటులాంటి ప్లాస్టిక్ తొడుగు వేశారు. దాంతో గుమ్మాలకూ మంచం కోళ్ళకూ గుద్దుకుంటూ తిరిగాడు. గరాటు గిన్నెలో పట్టదు కాబట్టి పది రోజులూ అక్కే ముద్దలు చేసి తినిపించింది. రోజుకు రెండు పూటలా కుట్లు చూసేది, కంటితోనే, వేలు పెట్టకుండా. వాపు ఉందా, తడి ఉందా అని డాక్టరమ్మ చెప్పినవి నాతో మూడుసార్లు అప్పజెప్పించుకుంది. ప్రతిసారీ "అంతేనా, ఇంకేమన్నా దాచావా?" అని అడిగేది. మా ఆవిడ డెహ్రాడూన్ నుంచి తిరిగొచ్చి, ఇంట్లో కుక్క, కుక్క మెడకు గరాటు, కుక్క ముందు పీట వేసుకుని వాళ్ళ వదినగారు, ఇదంతా చూసి సూట్‌కేసు గుమ్మంలోనే వదిలేసింది. తొమ్మిదేళ్ళ కేసు ఆ రోజుతో వీగిపోయింది. వెళ్ళేముందు అక్క ఆ బిళ్ళను మార్కెట్లో కంసాలి దగ్గరికి తీసుకెళ్ళి పైన చిల్లి పెట్టించి, బొడ్డుగాడి మెడపట్టీకి తగిలించింది. "కడుపు మీద పనికి రాలేదుగా, మెడలో ఉండు. అందరికీ కనపడేట్టు ఉండు" అని దానికే చెప్పింది. పదమూడేళ్ళపాటు ఆ బిళ్ళ గలగలమంటూ మా ఇల్లంతా తిరిగింది. మేం ఈ గ్రేటర్ నోయిడా ఫ్లాటుకు మారినప్పుడూ మాతో వచ్చింది. పోయినేడు వాడు ముసలితనంతో, నిద్రలోనే పోయాక నా తాళంగుత్తికి చేరింది.

మొన్న ఆ వరంగల్ అమ్మాయినీ కుక్కపిల్లనీ నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. చిన్న రంధ్రమే, ఆగి చూడమన్నారు. ఇంటికొచ్చి అక్కకు ఫోన్ చేశాను. ఇప్పుడు ఆమెకు డెబ్బై అయిదు, వినికిడి కొంచెం తగ్గింది, తెలివి మాత్రం తగ్గలేదు. విషయమంతా విని, "కట్టొద్దని చెప్పావా?" అంది. చెప్పానన్నాను. "రోజూ వేలితో చూసుకోమను. మెత్తగా ఉంటే ఊరుకోమను, గట్టిపడితే పరిగెత్తమను. ఇంకొకరికోసం ఆగొద్దను. ఉన్నదున్నట్టు చెప్పు, నీ సొంత పైత్యం కలపబాక" అంది. ఫోన్ స్పీకరులో ఉంది, పక్కనున్న ఆ అమ్మాయి కిసుక్కున నవ్వింది. ఎవరే అది అని అక్క అడిగింది, ఆ అమ్మాయి చెప్పుకుంది, ఇద్దరూ నన్ను పక్కన పెట్టి అరగంట మాట్లాడుకున్నారు. మొత్తానికి మా పెద్దక్క బిళ్ళ లేకుండానే మళ్ళీ ఒక బొడ్డుకు బాధ్యత తీసుకుంది. వాళ్ళ మాటలు వింటూ తాళంగుత్తి తిప్పుకుంటూ కూర్చున్నాను. కాలం చాలా రంధ్రాలను తనంతట తనే మూసేస్తుంది, కొన్నిటికి ఆరు నెలలు చాలు; నా బొడ్డూడటానికి మాత్రం అరవై నాలుగేళ్ళు చాలలేదు.